మనది కాని నేలలో మన తోట

మీరు అద్దె ఇంట్లో ఉంటున్నారా? లేక కంపెనీ క్వార్టర్‌లో ఉంటున్నారా? మీ ఇంటి వెనుక కొద్దిపాటి ఖాళీ స్థలం ఉందా? అక్కడ నాలుగు మొక్కలు నాటమని ఎవరైనా అంటే మీరేం చెబుతారు? "ఈ ఇల్లు మనది కాదు కదా! ఎప్పటికైనా ఖాళీ చేయవలసిందే. పెంచేది మనం, తినేది ఇంకొకరు" అంటారేమో. చాలామంది ఇలాగే అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. అయినా ఆ నేలను ఖాళీగా వదిలేయడం సరికాదని నా అభిప్రాయం. ఎందుకో జంషెడ్‌పూర్ ఉదాహరణతో చూద్దాం.

జంషెడ్‌పూర్ ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలో ఉంది. ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఎందరో తెలుగువారు అక్కడికి వెళ్లారు. బిష్టుపూర్, కదమా, సోనారి వంటి పేటల్లో స్థిరపడ్డారు. క్వార్టర్లలో ఉన్నవారికి ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ ఇల్లు. కాబట్టి పైన చెప్పిన ప్రశ్న వారికి నిత్యం ఎదురయ్యేదే.

ఆ నగరం కథలోనే దీనికి ఒక జవాబు ఉంది. జంషెట్జీ టాటా 1902లో తన కుమారుడు దొరాబ్జీకి ఒక లేఖ రాశారు. రాబోయే ఉక్కు నగరంలో వీధులు వెడల్పుగా ఉండాలనీ, వాటి వెంట నీడనిచ్చే చెట్లు నాటాలనీ, రెండు చెట్లలో ఒకటి త్వరగా పెరిగే రకం కావాలనీ సూచించారు. పచ్చిక బయళ్లకూ తోటలకూ చోటు వదలమన్నారు. అప్పటికి ఆ నగరం ఎక్కడ వస్తుందో కూడా తెలియదు. ఆయన 1904లో మరణించారు. సాక్చి అనే గ్రామం వద్ద స్థలం దొరికింది 1907లో. ఆ నగరానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టింది 1919లో. తాను చూడని నేల కోసం ఆయన చెట్లను తలచుకున్నారు.

ఆ సూచనలో మన పెరటికి పనికివచ్చే సూత్రం కూడా ఉంది. త్వరగా ఫలితమిచ్చేవాటినీ ఆలస్యంగా ఇచ్చేవాటినీ కలిపి నాటాలి. తోటకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది. బొప్పాయి సుమారు ఏడాదికి కాస్తుంది. అంటు జామ రెండు మూడేళ్లు తీసుకుంటుంది. అంటు మామిడికి నాలుగైదేళ్లు కావాలి. తోటకూర ఈ నెల మీ కోసం. మామిడి మీ తరువాత వచ్చేవారి కోసం కూడా.

స్థలాన్ని గమనించండి

మొక్కలు కొనేముందు ఒక రోజంతా మీ స్థలాన్ని గమనించండి. ఎండ ఎటు పడుతోంది? వాననీరు ఎక్కడ నిలుస్తోంది? శీతాకాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. దక్షిణాన పెద్ద చెట్టు ఉంటే కూరమళ్ల మీద రోజంతా నీడ పడుతుంది. కాబట్టి చెట్లను ఉత్తరాన గానీ, పడమర గానీ నాటండి. పడమటి చెట్టు వేసవిలో సాయంకాలపు ఎండను ఆపుతుంది. గోడలకూ నీటి గొట్టాలకూ దగ్గరగా పెద్ద చెట్లు వద్దు. ఇల్లు మీది కాకపోతే చెట్టు నాటేముందు అనుమతి అడగండి.

జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ఉన్నది ఎర్రనేల. వానలు సున్నపు అంశాన్ని కడిగివేయడం వల్ల చాలాచోట్ల మట్టికి ఆమ్ల గుణం వచ్చింది. కృషి విజ్ఞాన కేంద్రంలో మట్టిని పరీక్ష చేయించి, వారు చెప్పిన మేరకే సున్నం వేయాలి. పశువుల ఎరువు, ఆకుల ఎరువు ఎలాగూ అవసరమే.

ఋతువుల వెంట నడవండి

ఊరి నుంచి విత్తనాలు తెచ్చుకోవచ్చు. కాని ఊరి పంచాంగాన్ని అక్కడి నేల మీద రుద్దకూడదు. శ్రీకాకుళం తీరంలో చలి తక్కువ. జంషెడ్‌పూర్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా పడిపోతుంది. వేసవిలో నలభై దాటుతుంది.

జూన్ మధ్యలో వానలు మొదలవుతాయి. అప్పుడు బెండ, బీర, సొర, గోంగూర వేయండి. మళ్లు ఎత్తుగా ఉండాలి. నీరు నిలిస్తే బొప్పాయి వేరు కుళ్లుతుంది. కుండీల కింది పళ్లాలలో నిలిచిన నీటిని వారానికొకసారైనా పారబోయండి. లేకపోతే డెంగీ దోమలు పెరుగుతాయి. సెప్టెంబరులో టమాటా నారు పోసుకుంటే అక్టోబరులో నాటవచ్చు. చలికాలం కొత్తిమీరకు, పాలకూరకు, ముల్లంగికి, క్యాబేజీకి అనుకూలం. వేడికి తొందరగా పూతకు వచ్చే కొత్తిమీర ఈ చలిలో చాలా రోజులు ఆకునిస్తుంది. ఫిబ్రవరిలో దోస, కాకర విత్తుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుటాకులు పరచండి. తడి నిలుస్తుంది. ఆ రోజుల్లోనే కాల్ బైశాఖీ గాలివానలు వస్తాయి. మునగ కొమ్మలు పెళుసు కాబట్టి ముందే కత్తిరించండి.

ఇరుగుపొరుగును అడగడం మరువకండి. మన బచ్చలి వారికీ తెలిసిన కూరే. గోంగూర జాతికి చెందిన మొక్కను అక్కడి పల్లెల్లో కుద్రుమ్ అంటారు. దాని ఎర్రని కాయలతో పచ్చడి చేస్తారు. ఏది ఎప్పుడు విత్తాలో వారికి తెలిసినంతగా మనకు తెలియదు.

శ్రమ ఎవరిది?

బజారులో కూరలు చవకగా దొరుకుతుంటే ఈ కష్టమెందుకని అడగవచ్చు. నిజమే, చిన్న పెరడు ఇంటి కూరగాయల ఖర్చునంతా తీర్చదు. కాని ఆకుకూర, కరివేపాకు, నాలుగు మిరపకాయలు తాజాగా చేతికందుతాయి. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. నీళ్లు మోసేది ఎవరు? మొక్కలు తెచ్చి మెచ్చుకోలు పొందేది ఇంటి యజమాని, రోజూ నీళ్లు పోసేది ఇల్లాలు అయితే, అది ఆమెకు మరొక చాకిరీ అవుతుంది. పనిని పంచుకోలేని ఇంట్లో రెండు కుండీలు చాలు. పంచుకునే ఇంట్లోనే తోట నిలుస్తుంది.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఏమి విత్తారో, ఎప్పుడు మొలిచిందో, ఏది ఎందుకు చచ్చిపోయిందో రాయండి. రెండేళ్లు రాస్తే ఆ స్థలానికి సరిపోయే పంచాంగం మీ చేతిలో ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసే రోజున బచ్చలి, గోంగూర విత్తనాలు మీ వెంట తీసుకువెళ్లండి. నోటుపుస్తకాన్ని మాత్రం తరువాత వచ్చేవారికి ఇవ్వండి. జామ ఎప్పుడు నాటారో, నీరు ఏ మూల నిలుస్తుందో వారికి తెలుస్తుంది.

ఈ వారం మీ ఇంటి చుట్టూ ఎండ పడే చోట్లను ఒక కాగితం మీద గీయండి. తోట అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.