మా టామీకి నటన రాదు!

మన సినిమాల్లో పుట్టినరోజంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. పాతకాలం సినిమా ఏదైనా చూడండి. హాలు నిండా బుడగలు, మధ్యలో మూడంతస్తుల కేకు, మూలన పియానో. హీరోగారు కోటు తొడుక్కుని వచ్చి హీరోయిన్ మనసు ముక్కలయ్యే పాట ఒకటి పాడతారు. పాట అవగానే టెలిఫోను మోగుతుంది. అంతే, నాన్నగారు గుండె పట్టుకుంటారు. లేకపోతే పాప తప్పిపోతుంది. కేకు కోశాక హాయిగా తిని ఇళ్ళకు పోయిన వాళ్ళని తెర మీద నేనింతవరకూ చూడలేదు.

ఇదంతా రచయితల కల్పన అనుకునేవాణ్ణి. నిరుడు మా ఇంట్లోనే జరిగింది!

ముందు పాత్రల పరిచయం. మాది విజయవాడలో రెండు గదుల ఫ్లాటు. నేను, మా ఆవిడ, మా పాప, టామీ. టామీ 2020 లాక్‌డౌన్ రోజుల్లో మా స్కూటరు కింద దొరికింది. అచ్చమైన వీధికుక్క. ఒక చెవి నిలబడుతుంది, రెండోది పడుకుంటుంది. పాపకప్పుడు రెండేళ్ళు. ఇద్దరూ ఒకే చాప మీద పెరిగారు.

పాపకి నాలాగే సినిమా పిచ్చి. తెలుగులో ‘ప్రేమాలయం’గా వచ్చిన ‘హమ్ ఆప్కే హై కౌన్’ (1994) చూసి, అందులో టఫీ క్రికెట్ అంపైరుగా కూర్చున్న చోట పడీ పడీ నవ్వింది. ‘777 చార్లీ’ (2022) చూసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇక నేను, నా వంతుగా, ‘హాథీ మేరే సాథీ’ (1971)లో యజమాని కోసం ప్రాణమిచ్చిన ఏనుగు కథ, ‘తేరీ మెహర్బానియా’ (1985)లో పగ తీర్చుకున్న కుక్క కథ చిలవలు పలవలుగా చెప్పాను. మన ‘రాజేంద్రుడు గజేంద్రుడు’ (1993) సరేసరి, అది మా ఇంట్లో నెలకోసారి రీ-రిలీజు.

అంచేత ఏడో పుట్టినరోజుకి పాప కోరింది ఒక్కటే: “నాన్నా, టామీకి టోపీ పెట్టి కేకు పక్కన కూర్చోబెట్టి ఫోటో తీయాలి.”

సినిమా పేజీలు రాసేవాడికి దర్శకత్వం చేసే ఛాన్సు వస్తే వదులుతాడా? “ఓకే” అన్నాను.

ఆ సాయంత్రం ముందు గదిలో పద్దెనిమిది మంది పిల్లలు. స్పీకరులో పాటలు. గోడలకి బుడగలు. చప్పట్లు, కేకలు. మధ్యలో స్టూలు మీద టామీ, నెత్తిన మెరుపుల టోపీ, గడ్డం కింద రబ్బరు. అది మూతి నాక్కుంది. ఆవులించింది. మొహం పక్కకి తిప్పేసుకుంది. “అబ్బ, ఎంత బాగా ఏక్ట్ చేస్తోందో!” అని అందరం నవ్వాం. తోక కాళ్ళ సందులోకి పోయింది. నేను “వన్ మోర్” అన్నాను. అలా మూడు టేకులు.

మూడో టేకులో బుడగ ఒకటి ఢామ్మని పేలింది. అదే క్షణంలో పై అంతస్తు కుర్రాడు ముద్దొచ్చి టామీ మెడ చుట్టూ రెండు చేతులూ వేశాడు. ఏం జరిగిందో కళ్ళకి అందలేదు. వాడి మణికట్టు మీద పంటి గాటు, రెండు చుక్కల నెత్తురు. టామీ మంచం కింద. పాట మాత్రం ఆగలేదు. దాన్ని ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

మా ఆవిడ నయం. నేను బిక్కచచ్చి నిలబడితే, తను వాడి చెయ్యి కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి మరీ కడిగింది. పసుపు పెడదామన్న వాళ్ళని పెట్టనివ్వలేదు. కట్టు కట్టలేదు. నేరుగా ఆస్పత్రి. టామీకి ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నామని చెప్పాం. అయినా డాక్టరుగారు మాట మీద వదల్లేదు. నెత్తురు వచ్చింది గనక గాయం చుట్టూ సీరం, ఆపైన టీకాలు: ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. టామీని పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం. అందుకే ఈ విషయంలో ఎవరి కుక్కకీ మినహాయింపు లేదు, ‘మా బంగారు టామీ’తో సహా.

మర్నాడు అపార్టుమెంటు మీటింగు. “కుక్క ఉంటే మా పిల్లలు మెట్లు దిగరు” అన్నారు. ఇంట్లో పెంచుకునే జంతువుల్ని సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలున్నాయని ఒకాయన నా చెవిలో ఊదారు. నిజమే, ఉన్నాయి. కానీ ఆ పిల్లాడి తల్లి నా ఎదురుగా కూర్చుని ఉంది. ఆవిడ కళ్ళలోకి చూస్తూ మార్గదర్శకాలు చదివే ధైర్యం నాకు లేకపోయింది.

మా అత్తయ్యగారు మధ్యేమార్గం చెప్పారు: “నూజివీడు దగ్గర మన మామిడితోట ఉందిగా అల్లుడుగారూ, అక్కడ వదిలెయ్యండి. కాపలాకి పనికొస్తుంది.” నాకూ అదే బాగనిపించింది. నిజం చెబుతున్నాను, అనిపించింది. ఆ రాత్రి పాపకి నచ్చజెబుతూ, “టామీ తప్పు చేసిందమ్మా” అన్నాను.

పాప ఏడవలేదు. “టామీ వద్దంటూనే ఉంది కద నాన్నా! మొహం తిప్పేసుకుంది. నువ్వే మళ్ళీ మళ్ళీ తిప్పావు” అంది.

ఆ మాటకి నా దగ్గర డైలాగు లేదు.

పదకొండో రోజున టామీని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఫోన్లో ఉన్న మూడు టేకులూ చూపించాను. ఆయన మొదటి టేకు దగ్గరే ఆపేశారు. నిద్ర రాని వేళ ఆవులించడం, తిండి లేకుండా మూతి నాక్కోవడం, మొహం తిప్పేసుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడటం, ఇవన్నీ కుక్క “నాకు భయంగా ఉంది, నన్నొదిలెయ్యండి” అని చెప్పడమేనట. మన చెవికి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర తెర పడిపోతే, కుక్క చెవి దానికి రెట్టింపు పైన కూడా వింటుంది. మనకి మామూలు గోల దానికి భరించరాని గోల. మెడ చుట్టూ చేతులు వెయ్యడం మనకి ప్రేమ, చాలా కుక్కలకి అది ఊపిరాడని పట్టు.

మరి తెర మీద కుక్కలో? అవి నటిస్తాయి గదా అంటారా? కెమెరా పక్కనే శిక్షకుడు చేతిలో తాయిలంతో నిలబడి ఉంటాడు. నెలల తరబడి నేర్పిస్తారు. 2001 నిబంధనల ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. టైటిల్స్‌కి ముందు జంతువుల గురించి వచ్చే ఆ కార్డు ఊరికే రాదు. మా ఇంటి షూటింగులో శిక్షకుడు లేడు, అనుమతి లేదు, ప్యాకప్ చెప్పేవాడూ లేడు. పైగా ఆర్టిస్టుకి ఒప్పుకోలేదు అనే హక్కు కూడా లేదు!

ఆ సాయంత్రమే పై అంతస్తుకి వెళ్ళి, “తప్పు కుక్కది కాదండీ, నాది” అని ఆ తల్లితో చెప్పాను. ఆవిడ వెంటనే కరిగిపోలేదు. “మీరు ఒక్కసారి ఆపుంటే సరిపోయేది” అంది. కాదనేందుకేముంది? చివరి టీకాకి మాత్రం నా స్కూటరు మీదే పంపింది. టామీ నూజివీడు వెళ్ళలేదు. కాకపోతే మెట్ల మీద ఇప్పటికీ మూతికి జాలీ, చేతిలో పొట్టి గొలుసు. అది నేనిచ్చిన మాట.

ఈ ఏడు ఎనిమిదో పుట్టినరోజు డాబా మీద చేశాం. బుడగల బదులు రంగు కాగితాల తోరణాలు. టామీ కింద పడగ్గదిలో, ఫ్యాను కింద, దాని పాత దుప్పటి మీద. దాని విందు పెరుగన్నం. చాక్లెట్ కేకు ముక్క కూడా పెట్టలేదు, చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్కలకి విషం. పాయసమూ పెట్టలేదు. అందులో కిస్‌మిస్ ఉంటుంది, దానితో కుక్కల మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. ఇన్నాళ్ళూ ముద్దుచేసి గిన్నె నాకించిన వాళ్ళం మేమే!

అందరూ వెళ్ళాక పై అంతస్తు కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. “టామీని చూడొచ్చా అంకుల్?” పిలవొద్దు, చెయ్యి చాపొద్దు, అదే వస్తే రానీ అన్నాను. వాళ్ళమ్మ వాడి వెనకే నిలబడింది. గొలుసు నా చేతిలో ఉంది. టామీ మెల్లగా వచ్చింది. వాడి చెప్పులు వాసన చూసింది. ఒక్కసారి తోకాడించి, వెనక్కి తిరిగి మంచం కిందికి వెళ్ళిపోయింది. సీను అంతే. ఎవరూ ఫోటో తీయలేదు.

మిత్రులారా! సినిమా చూసో, ప్రకటన చూసో కుక్కపిల్లని కొనేద్దామని మీలో ఎందరికో ఉంటుంది. 2003లో హచ్ ప్రకటన వచ్చాక పగ్ కుక్కపిల్లల కోసం జనం ఎలా ఎగబడ్డారో మా తరానికి గుర్తుంది. చప్పిడి ముక్కుతో మన ఎండల్లో ఊపిరి తీసుకోవడం దానికెంత కష్టమో ప్రకటనలో చెప్పలేదు మరి. సినిమా రెండున్నర గంటలు. కుక్క పది పన్నెండేళ్ళు. టిక్కెట్టు కొనేముందు ఆ లెక్క వేసుకోండి.

నిరుటి ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. మెరుపుల టోపీ, కేకు, నోరు తెరిచిన టామీ. అప్పుడది నవ్వుతోందనుకున్నాం. తీసేద్దామని చాలాసార్లు అనుకుని, ఉంచాను. మళ్ళీ ఎప్పుడైనా “వన్ మోర్” అనబోతే చూసుకోవాలిగా!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.