నేస్తం

పిల్లలూ, ఈసారి మన మాట ‘నేస్తం’.

మాది బగాన్ దాతో. పెరాక్ నది సముద్రంలో కలిసే చోట, కొబ్బరి తోటల మధ్య ఉన్న చిన్న ఊరు. ఆ తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ల మనవలం మేము.

1974లో నాకు 13 ఏళ్లు. కొత్త బడి. తెలుగు మాట్లాడితే తోటివాళ్లు నవ్వుతారని భయం. ఒకరోజు బస్సు ఆగే చోట మా అవ్వ ఎదురైంది, నెత్తిన బుట్టతో.

“ఏరా, తిన్నావా?” అంది. (‘ఏరా’ అంటే కోపం కాదు, ముద్దు.)

అందరూ చూస్తున్నారు. నేను విననట్టు తల తిప్పుకున్నాను.

“తినలేదు అవ్వా, ఆకలేస్తోంది!”

అన్నది నా పక్కనున్న చీనా అబ్బాయి. వాళ్లది కిరాణా కొట్టు. మనవాళ్లకు అప్పులిచ్చి ఇచ్చి ఇంటిల్లిపాదీ తెలుగు నేర్చుకున్నారు. వాడికి మొదట వచ్చిన తెలుగు మాట ‘రేపు ఇస్తాను’ అట!

అవ్వ నవ్వి వాడికో అరటిపండు ఇచ్చింది. నాకూ ఒకటి ఇచ్చింది. నన్నేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వాడి కొట్టుకు వెళ్లి, మెల్లగా, “ఉప్పు ఇవ్వు” అన్నాను, తెలుగులో.

“వినబడలేదు, గట్టిగా అడుగు” అన్నాడు మా వాడు.