దిల్లీలో "మనవాళ్ల మధ్యే" ఉంటే చాలదు

దిల్లీలో సీటో ఉద్యోగమో వచ్చిన పిల్లలకు మన ఇళ్లలో చెప్పి పంపే జాగ్రత్త ఒకటే: "మనవాళ్లున్న చోటే గది తీసుకో. అక్కడివాళ్లను నమ్మకు." ప్రేమతో చెప్పే మాటే. కానీ ఇది పిల్లలను కాపాడే సలహా కాదు. చూడాల్సినవి చూడకుండా చేసే సలహా.

సివిల్స్ కోచింగ్‌నే తీసుకోండి. సీనియర్లున్నారని, ఇడ్లీ దొరుకుతుందని మన పిల్లలు పాత రాజిందర్ నగర్, కరోల్ బాగ్ సందుల్లోనే దిగుతారు. అందరూ అక్కడే దిగితే కిటికీ లేని గదికీ గిరాకీయే. బ్రోకర్ చెప్పిందే అద్దె. "మనవాడు రెండేళ్లు ఉన్న గదే" అన్న ఒక్క మాట మీద మెట్లు, వైర్లు, బయటికి దారి చూడకుండానే అడ్వాన్సు కట్టేస్తారు. 2024 జూలై 27 సాయంత్రం అదే పాత రాజిందర్ నగర్‌లో, ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్ లైబ్రరీని వాననీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ సెల్లార్‌కు ఉన్న అనుమతి సామాన్లు పెట్టుకోవడానికే. తప్పు ఆ పిల్లలది కానే కాదు, దాన్ని నడిపినవాళ్లది, నడవనిచ్చినవాళ్లది. కానీ అలాంటి చోట అడుగుపెట్టే ముందు ఏం అడగాలో మనమూ మన పిల్లలకు నేర్పడం లేదు. చుట్టూ ఎంతమంది తెలుగువాళ్లుంటే ఏం లాభం?

ఆడపిల్లల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి పదకొండింటికి ఇబ్బంది వస్తే 112కు ఫోన్ చేయాలి, కింది వాటా ఆంటీ తలుపు తట్టాలి. ఊరికి ఆ చివరున్న తెలుగు సంఘం అధ్యక్షుడు వచ్చేసరికి తెల్లారుతుంది. ఆ ఆంటీతో రోజూ నాలుగు మాటలు మాట్లాడిన పిల్లకే ఆ తలుపు తట్టే చొరవ ఉంటుంది. అందుకు హిందీ కావాలి. హైదరాబాద్ పిల్లలు తమ దక్కనీతో నెట్టుకొస్తారు. కోస్తా పిల్లలు బయల్దేరే ముందే మొదలుపెట్టాలి.

మనవాళ్లు చెప్పనిది ఇంకొకటుంది. మెట్రో ఎక్కితే అంతా ఒకే ఊరనిపిస్తుంది కానీ నోయిడా ఉత్తరప్రదేశ్, గురుగ్రామ్ హర్యానా. పోలీసులు వేరు, కరెంటు బిల్లు వేరు. నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేకుండా 2019లో దిల్లీ ప్రభుత్వం తెచ్చిన రాయితీ యమున దాటి నోయిడాలో దిగినవాళ్లకు వర్తించదు. దిల్లీలో కూడా సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వసూలు చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. నవంబరు గాలి కాలుష్యం గురించీ ముందుగా ఎవరూ చెప్పరు. ఉబ్బసం ఉన్నవాళ్లు అక్టోబరులోనే డాక్టర్ని కలిసి మందులు దగ్గర పెట్టుకోవాలి.

అలాగని మనవాళ్లను వదులుకోమనడం లేదు. దిల్లీలో తెలుగువాళ్ల కోసం దుర్గాబాయి దేశ్‌ముఖ్ చేసినంత చేసినవాళ్లు అరుదు. 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి మన పిల్లలకు బడి ఇచ్చిందామె. అయితే చిన్న వయసులోనే ఆడవాళ్లకు హిందీ బడి నడిపిందీ ఆమే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలై దేశమంతటి ఆడవాళ్ల కోసం పనిచేసింది. ఇవాళ పింక్ లైన్‌లో ఒక మెట్రో స్టేషన్‌కు ఆమె పేరుంది. తనవాళ్లను వదులుకోకుండానే ఊరిని తనది చేసుకుంది. ఆదివారం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్‌కు వెళ్లి బిర్యానీ తినొద్దని నేననను. మిగతా ఆరు రోజులూ ఆ గోడల మధ్యే గడపొద్దంటాను.

అమ్మానాన్నలారా, గది చూడటానికి వెళ్లే పిల్లలకు ఈ నాలుగూ చెప్పి పంపండి. సెల్లార్‌లో ఉండొద్దు, చదవొద్దు. రాతపూర్వక అగ్రిమెంట్ లేకుండా డబ్బు కట్టొద్దు. పోలీస్ వెరిఫికేషన్ ఇంటి యజమాని బాధ్యత కాబట్టి చేయించమని అడగాలి. పక్కింటివాళ్ల పేరు మొదటి వారంలోనే తెలుసుకోవాలి.