సబ్సిడీ కంపెనీకా? దవాఖానకా?

ఆరోగ్య బీమా ప్రీమియం మీద పన్ను ఎత్తేసినం, సంబురం చేసుకోండని కేంద్ర సర్కారు చెప్పింది. నిజమే, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తులు, కుటుంబాలు సొంతంగా తీసుకునే పాలసీల మీద జీఎస్టీ లేదు. మరి 2017 జూలై నుంచి అప్పటిదాకా, ఎనిమిదేండ్లకు పైగా అదే ప్రీమియం మీద 18 శాతం గుంజింది ఎవరు? రోగమొస్తే భూమి అమ్ముకునే గతి పట్టొద్దని ముందుచూపుతో నాలుగు పైసలు కట్టినోళ్ల దగ్గర పన్ను వసూలు చేసి, ఇప్పుడు దాన్ని ఆపడమే వరమంటే ఎట్ల? చప్పట్లు కొట్టేముందు లెక్క చూద్దాం.

నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూలు టీచర్ కుటుంబం ఏడాదికి 20 వేల ప్రీమియం కడుతున్నదనుకుందాం. పన్నుతో కలిపి అది 23,600. పన్ను పోయింది కాబట్టి 3,600 మిగిలింది. కంపెనీ ఏటా 10 శాతం పెంచిందంటే వచ్చే ఏడు 22,000, ఆ పై ఏడు 24,200. అంటే రెండేండ్లకే మాఫీ ఆవిరై, పాత బిల్లు కన్నా ఎక్కువే కట్టాల్సి వస్తది. పెంచకుండా ఆపేదెవరు? బీమా నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ఒక కట్టడి పెట్టింది. 60 ఏండ్లు దాటినవాళ్ల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనతో సంప్రదించాలన్నది. ఆ కట్టడి ముసలోళ్లకే. నలభై ఏండ్ల టీచర్‌కు అది వర్తించదు. కంపెనీలు, సంఘాలు తమ మనుషుల కోసం తీసుకునే గ్రూపు పాలసీలకు పన్ను మాఫీ కూడా ఇవ్వలేదు.

ఇక ఆదాయపు పన్ను మినహాయింపు సంగతి. పాత పద్ధతిలో రిటర్ను వేసేవాళ్లకు ప్రీమియం మీద 25 వేల దాకా, వృద్ధుల ప్రీమియానికైతే 50 వేల దాకా మినహాయింపు ఉన్నది. ఇది కూడా సర్కారు సొమ్ముతో ఇచ్చే సబ్సిడీయే, కాకపోతే ఆ పేరు పెట్టరు. పన్ను కట్టేంత జీతమున్నోళ్లకే అది అందుతది. బీడీలు చుట్టే అక్కకు పన్నే లేదు, ఇంక మినహాయింపు యాడిది?

ఆ అక్క కథే చూడండి. మన జిల్లాలో వేలాది మంది ఆడబిడ్డలు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నరు. పొగాకు దుమ్ము పీలుస్తూ, గంటల తరబడి నడుం వంచి కూసుంటరు. వాళ్ల వైద్యం, సంక్షేమం కోసమే 1976 చట్టం కింద బీడీల మీద సెస్సు వసూలయ్యేది. 2017లో జీఎస్టీ వచ్చింది, ఆ సెస్సు రద్దయింది. ఉద్యోగి ప్రీమియం మీద 18 శాతం వేసిన పన్ను విధానమే కార్మికురాలి వైద్యానికని ఉన్న సొంత నిధిని పోగొట్టింది. ఉద్యోగి మీది పన్నయితే 2025లో తీసేసిన్రు. ఆమె సెస్సు నిధి సంగతి ఎవరు మాట్లాడిన్రు?

బోధన్ సంగతి ఇంకా చేదు. 1930లలో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుబడ్డది. 2002లో ఉమ్మడి రాష్ట్ర సర్కారు 51 శాతం వాటాను ప్రైవేటు చేతుల్లో పెట్టింది. స్వరాష్ట్రం వచ్చినంక తెరిపిస్తరనుకుంటే 2015 డిసెంబర్ 23న లేఆఫ్ ప్రకటించిన్రు. ఇట్ల జీతం ఆగితే, జీతంతో ముడిపడ్డ వైద్యం కూడా ఆగుతది. ఈఎస్ఐనే తీసుకోండి. 2019 జూలై నుంచి కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. చందా ఆగిపోతే కొన్నాళ్లకు ఆ ఆసరా కూడా పోతది. యాభై ఏండ్ల వయసులో పని పోయినోడు బజార్ల పాలసీ కొందామని పోతే, వయసుకొక రేటు, బీపీకొక రేటు చెప్తరు. అంతకుముందే ఉన్న జబ్బులకు మూడేండ్ల దాకా ఆగమంటరు. చక్కెర ఫ్యాక్టరీ పోయిన ఊర్లె చక్కెర జబ్బు మిగిలింది. రోజూ మింగే షుగర్ గోలీలకు మామూలు పాలసీ పైసా ఇయ్యదు.

పేదలకు ఆరోగ్యశ్రీ ఉన్నది కదా అంటరు. ఉన్నది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్‌తో సహా మూడు జిల్లాల్లో మొదలై, తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. గుండె ఆపరేషన్లయి బతికినోళ్లు ప్రతి ఊర్లో ఉన్నరు, మేం కాదనం. 2023 డిసెంబర్ 9న దాని పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిన్రు. కానీ 2025లో ఏం జరిగింది? వెయ్యి కోట్లకు పైగా బకాయిలున్నయని ప్రైవేటు ఆస్పత్రులు జనవరిలో ఒకసారి, సెప్టెంబర్‌లో మరోసారి సేవలు ఆపినయి. పరిమితి పెంచి బిల్లులు ఆపితే, పేదోని చేతిలో ఉన్నది కార్డు కాదు, చెల్లని చెక్కు. ఉద్యోగుల హెల్త్ కార్డుల గోస కూడా ఇదే. కార్డు చూపిస్తే చేర్చుకోని ఆస్పత్రులెన్నో మీకే తెలుసు. ఉద్యోగుల మూల వేతనంలో 1 శాతం, సర్కారు అంతే వాటా వేసే ట్రస్టుకు 2023లో ఉత్తర్వులిచ్చిన్రు. వాటా ఇయ్యనీకి ఉద్యోగులు ఎనుకాడలేదు. వాళ్లు అడిగింది ఒక్కటే: పైసలు కట్టినంక దవాఖాన తలుపు తెరుచుకుంటదా?

అసలు ప్రశ్న ఇక్కడున్నది. సబ్సిడీ ఇయ్యాల్నా వద్దా అన్న చర్చ పక్కదారి చర్చ. మేం సబ్సిడీకి వ్యతిరేకం కాదు. అది ఎటు పోతున్నదని అడుగుతున్నం. కంపెనీకి పోయే రూపాయి మళ్లీ ప్రీమియం పెరుగుదలలో కలుస్తది. హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రికి పోయే రూపాయి అక్కడి అద్దాల మేడల్లో కలుస్తది. అదే రూపాయి నిజామాబాద్ సర్కారు దవాఖానకు, బోధన్ ఏరియా ఆస్పత్రికి వస్తే మంచమైతది, మందైతది, డాక్టరైతది. 2013లో మెడికల్ కాలేజీ తెచ్చుకున్న జిల్లా ఇది. ఇక్కడి రోగి గుండె పట్టుకుని 170 కిలోమీటర్లకు పైగా పోవాల్సిన అవసరం ఎందుకుండాలె?

2025 నాటికి ప్రజారోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు చేస్తమని కేంద్రం 2017 ఆరోగ్య విధానంలో రాసుకున్నది. 2021-22లో లెక్క తీస్తే, కేంద్రం, రాష్ట్రాలు కలిపి పెట్టింది 1.84 శాతం. ఆ ఏడు దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులో నుంచి పెట్టుకున్నరు. బీమా కార్డులు ఎన్ని పంచినా జేబుకు పడ్డ చిల్లు పూడలేదు.

అందుకే మనం గట్టిగా అడగాలె. ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల వైద్యం బిల్లులకు గడువు పెట్టి, ఆ గడువులోపల చెల్లించాలె. ప్రీమియం కట్టడి వృద్ధులకే కాదు, అన్ని వయసులవాళ్లకూ రావాలె. బీపీ, షుగర్ గోలీలు సర్కారు దవాఖానలో ఏ నెలా ఆగకుండా దొరకాలె. బీడీ కార్మికుల వైద్యానికి ప్రత్యేక నిధి మళ్లీ రావాలె. జిల్లా దవాఖానల్లో ఖాళీలు నింపాలె.

నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడినం. ఆ నిధుల్లో దవాఖాన వాటా కూడా మనదే. ఉద్యోగులు తమ కార్డు కోసం, బీడీ కార్మికులు తమ నిధి కోసం, షుగర్ ఫ్యాక్టరీ కార్మికులు తమ బకాయిల కోసం ఎవరికి వారే ధర్నాలు చేస్తే సర్కారుకు సుఖం. విద్యార్థులు ముందు నడిచి ఈ మూడు గొంతులను ఒక్కటి చెయ్యాలె. అప్పుడే సర్కారు జవాబు చెప్తది.