నాడి చూసినందుకూ ఫీజు

ఐదారేళ్ల ల్యాప్‌టాప్ మోత మొదలుపెట్టిందంటే మన ఇళ్లలో తీర్పు వెంటనే వచ్చేస్తుంది: "దాని పనైపోయింది, కొత్తది చూసుకో." కొట్టుకు తీసుకెళ్తే తీర్పు కాస్త మారుతుంది: "ఫ్యాన్ మార్చాలి సార్. హార్డ్ డిస్క్ కూడా పాతదే, ఎస్సెస్‌డీ వేసేద్దాం. ర్యామ్ ఎంతుంది?" ఆ మోత ఎక్కణ్నుంచి వస్తోందో చెవి పెట్టి విన్నవాళ్లు మాత్రం ఇంట్లోనూ లేరు, కొట్లోనూ లేరు.

ఆస్ట్రియా ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో రిపేరు బోనస్ అని ఒక పథకం తెచ్చింది. పాడైన ఎలక్ట్రానిక్ వస్తువును బాగుచేయించుకుంటే బిల్లులో సగం, గరిష్ఠంగా 200 యూరోల దాకా, సర్కారు భరించేది. పాత వస్తువులు చెత్తలోకి పోకుండా చూడటానికి పెట్టిన పథకం అది. అందులో నన్ను ఆపింది మాత్రం ఒక చిన్న అంశం. వస్తువును బాగుచేయించకపోయినా సరే, ఏం పోయిందో, ఎంతవుతుందో చూసి చెప్పే అంచనాకు కూడా సగం ఖర్చు, 30 యూరోల వరకు, ఇస్తామన్నారు. అంటే రోగమేమిటో చెప్పడం కూడా ఒక పనే, దానికీ కూలి ఉండాలి అని ఒక దేశం కాగితం మీద ఒప్పుకుంది. డాక్టరు మందు రాయకుండా పంపించినా నాడి చూసినందుకు ఫీజిచ్చే వస్తాం కదా. ల్యాప్‌టాప్ మెకానిక్ దగ్గర మనం ఆ ఫీజు ఎగ్గొడతాం. ఎగ్గొట్టినదానికి ఎన్నింతలు కడుతున్నామో తర్వాత చూద్దాం.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇదే పని ఇంకో దారిలో జరుగుతోంది. జర్నలిస్టుగా పనిచేసిన మార్టీన్ పోస్ట్‌మా 2009 అక్టోబరు 18న అక్కడ మొదటి రిపేర్ కెఫే నడిపారు. హాల్లో బల్లలు, పనిముట్లు, కాఫీ ఉంటాయి. కుట్టుపని, వడ్రంగం, ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు తీరిక వేళ వచ్చి కూర్చుంటారు. పని ఉచితం, తోచింది హుండీలో వేయొచ్చు, విడిభాగం కావాలంటే ఆ డబ్బు మనదే. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఇలాంటివి కొన్ని వేలున్నాయి. మనకు దగ్గర్లో బెంగళూరులో 2015లోనే మొదలైంది.

ఉచితం అన్న మాటే అందరి నోళ్లలో పడింది గానీ, ఆ బల్ల దగ్గర అసలు విశేషం కుర్చీ. వస్తువు తెచ్చినవాళ్లు దాన్ని అప్పగించి, రసీదు తీసుకుని వెళ్లిపోరు. పక్కనే కూర్చుంటారు. ఏం పాడైందో ముందు తమ మాటల్లో కాగితం మీద రాస్తారు. విప్పేటప్పుడు చూస్తారు, చేతనైతే స్క్రూలు వాళ్లే విప్పుతారు. చివర్లో ఏం దొరికిందో, బాగైందో లేదో అదీ రాసిపెడతారు. లండన్‌లో మొదలైన రీస్టార్ట్ ప్రాజెక్టు, ఈ కెఫేలు, మరికొన్ని బృందాలు కలిసి ఈ రాతల్ని ఒకచోట చేర్చి ఎవరైనా చూసుకునేలా బయటపెడుతున్నాయి.

మోత పెట్టే పాత ల్యాప్‌టాప్‌ను అలాంటి బల్ల మీద పెట్టామనుకుందాం. మొదట చేయాల్సింది విప్పడం కాదు, వినడం. ఎప్పుడు మొదలవుతోంది? ఆన్ చేసిన క్షణం నుంచా, పది నిమిషాలయ్యాకా? వీడియో చూస్తున్నప్పుడా, ఊరికే ఉన్నప్పుడు కూడానా? మంచం మీద పెడితేనా, బల్ల మీద పెట్టినా అంతేనా? శబ్దాలను వేరుచేసి చెప్పడంలో తెలుగువాడికి మాటల కరువు లేదు. హోరు, గరగర, టక్కుటక్కు, కీచు, ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు.

హోరు అంటే గాలి చప్పుడు. పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దీనికి ఫ్యానును అనుమానించే ముందు, అది అంతగా ఎందుకు తిరగాల్సి వస్తోందో చూడాలి. విండోస్ అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ అన్న గడిమీద నొక్కితే ఎక్కువ పని చేయిస్తున్న ప్రోగ్రాం పైకి వస్తుంది. తెరిచి మరిచిపోయిన బ్రౌజర్ ట్యాబో, సగంలో ఉన్న అప్‌డేటో, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్న రెండు యాంటీవైరస్‌లో కనిపిస్తే ఫ్యాను తప్పు లేదు, అది తన డ్యూటీ చేస్తోంది. ఈ వైద్యానికి పైసా ఖర్చు లేదు. అలాకాక సీపీయూ ఐదారు శాతం దగ్గర ఖాళీగా కూర్చున్నా హోరు ఆగకపోతే, వేడి బయటికి పోవడం లేదని అర్థం.

గరగర వేరు. అది ఫ్యాను బేరింగు అరుగుదల. ల్యాప్‌టాప్‌ను మెల్లగా ఓ పక్కకు వంచితే శబ్దం మారుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది కూడా. లోపల ఇరుసు ఊగుతోందన్నమాట. హార్డ్ డిస్క్ ఉన్న మిషనైతే ఈ పరీక్ష చాలా నెమ్మదిగా చేయాలి, తిరుగుతున్న డిస్కుకు కుదుపు పనికిరాదు. ఇంకో పద్ధతి మోటారు మెకానిక్కులది: పొడుగు స్క్రూడ్రైవర్ మొన మూసి ఉన్న అడుగు భాగానికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకోవడం. ఫ్యాను ఎక్కడుందో, డిస్కు ఎక్కడుందో తెలిస్తే శబ్దం ఎవరిదో ఇట్టే తేలిపోతుంది.

టక్కుటక్కు వినిపిస్తే మాత్రం మిగతావన్నీ పక్కనపెట్టాలి. హార్డ్ డిస్కులో పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటే, దానిమీద వెంట్రుక కూడా పట్టనంత ఎత్తున చదివే హెడ్డు తేలుతూ ఉంటుంది. ఆ హెడ్డు తనకు కావలసిన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి మొదలుపెడుతుంటే పుట్టే చప్పుడు అది. ముందు ఫొటోలు, కాగితాలు వేరే చోటికి కాపీ చేసుకోవాలి, ఆ తర్వాతే పరీక్షలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం డిస్కు తనగురించి తాను రాసుకునే చిట్టాను చూపిస్తుంది. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అనే రెండు వరుసల్లో అంకెలు రోజురోజుకూ పెరుగుతుంటే ఇక డిస్కు మీద ఆశ వదులుకోవచ్చు. దానికి రిపేరు లేదు, బదులు ఎస్సెస్‌డీ వేయడమే. అందులో తిరిగే భాగాలే లేవు కాబట్టి చప్పుడూ ఉండదు. కొట్టువాడు మొదట్లో చెప్పిన సలహా ఇక్కడ సరైనదే, వినకుండా చెప్పాడన్నదొక్కటే లోపం.

కీచుమని సన్నగా, స్క్రీను మీది పేజీని పైకీ కిందకీ జరిపినప్పుడు మారుతూ వచ్చే కూత బోర్డు మీది కాయిల్‌ది. చిరాకే గానీ ప్రమాదం లేదు, వదిలేయడం మేలు. ఆన్ చేయగానే సర్రుమని ఒక్కసారి తిరిగి ఆగేదైతే డీవీడీ డ్రైవు తెరిచి చూడండి. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన ఎవరిదో పెళ్లి వీడియో అందులో దొరకవచ్చు.

ఇక వేడి పోని జబ్బు. విప్పితే గానీ ఇది కనపడదు. ఫ్యాను అంచుకూ, గాలి బయటికి పోయే రాగి రేకుల వరసకూ మధ్య దుమ్ము, వెంట్రుకలు, దుప్పటి నూగు కలిసి బూడిదరంగు పట్టీలా అల్లుకుపోయి ఉంటాయి. పట్టకారుతో ఓ కొస పట్టి లాగితే మొత్తం ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. బయటినుంచి నోటితోనో, బ్లోయర్‌తోనో ఊదేవాళ్లు ఈ పట్టీని ఊదడం లేదు, వెనక్కి ఫ్యానులోకి నెడుతున్నారు. మూత తీశాక ఊదాలన్నా ఫ్యాను రెక్కల్ని ఓ పుల్లతో కదలకుండా పట్టుకోవాలి. గాలికి అది మామూలు వేగానికి మించి తిరిగితే బాగున్న బేరింగు కూడా పాడవుతుంది.

అంతకంటే ముందు రెండు జాగ్రత్తలు. మూత తీయగానే బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి. స్క్రూలన్నీ ఒకే పొడవుండవు కాబట్టి తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే టేపుతో అంటించాలి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అది బోర్డులోకో, పైనున్న కీబోర్డు ప్లేటులోకో దిగుతుంది. చిప్పు వేడిని లాగే హీట్‌సింకును కూడా తీస్తే, రెంటి మధ్య పాత పేస్టు ఎండి పెచ్చులుగా ఉంటుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్టు పల్చగా వేయాలి. బ్రష్షు, ఆల్కహాల్, పేస్టు మూడూ కలిపి కొన్ని వందల్లో అయిపోతాయి. గరగరలాడే ఫ్యానుకు స్టిక్కరు కింద ఓ చుక్క కుట్టుమిషను నూనె వేసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కొబ్బరినూనె మాత్రం వద్దు, చలికాలం సీసాలో ఏమవుతుందో బేరింగులోనూ అదే అవుతుంది. మూత తీయగానే బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే మోత సంగతి తర్వాత, దాన్ని గుచ్చకుండా, నొక్కకుండా, మళ్లీ చార్జింగ్ పెట్టకుండా తెలిసినవాళ్లకు అప్పగించాలి.

ఇదంతా మన కొట్లలో తెలియనిదేమీ కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే, అందరూ సీటీసీ అనే ఆ చోట, ఇంతకంటే కష్టమైన పనులు చేసే కుర్రాళ్లు కనిపిస్తారు. చిప్ లెవెల్ అని బోర్డు పెట్టుకుని, హాట్ ఎయిర్ గన్నుతో కంటికి సరిగా ఆనని చిప్పును లేపి కొత్తది కూర్చోబెట్టగలరు. బోర్డు మొత్తం మార్చడమే తప్ప ఈ పని చేసిపెట్టే మనిషి యూరప్‌లో చాలా ఊళ్లలో దొరకడు, దొరికినా అతని గంట కూలి పాత ల్యాప్‌టాప్ విలువను మింగేస్తుంది. అందుకే వాళ్లకు స్వచ్ఛంద సేవకులు కావలసి వచ్చారు, సర్కారు బోనసులు కావలసి వచ్చాయి. మనకు ఆ అవసరం లేదు. మనం కూడా ఉచిత కెఫేలు పెట్టి సీటీసీ కుర్రాడి నోటిదగ్గరి కూడు తీయాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మరి అంత పనితనం ఉన్నవాడు వినకుండా "ఫ్యాన్ మార్చాలి" అని ఎందుకంటాడు? కౌంటరు ఇవతల నిలబడి గమనిస్తే జవాబు దొరుకుతుంది. "చెకింగ్ చార్జి రెండొందలు" అని గోడమీద రాసి ఉన్న ఓ కొట్లో ఒకాయన దబాయించడం విన్నాను: "ఊరికే విప్పి చూసినందుకు డబ్బులేంటి తమ్ముడూ? ఏమన్నా మారిస్తే తీసుకో." ఆ కుర్రాడు సరే సార్ అన్నాడు. ఏదో ఒకటి మార్చాడు. అరగంట కూర్చుని విని, దుమ్ముపట్టీ లాగేసి, "ఏం పోలేదు సార్, తీసుకెళ్లండి" అన్నవాడికి మన దగ్గర దక్కేది థాంక్స్ ఒక్కటే, ఫ్యాను మార్చినవాడికి ఫ్యాను మీద లాభం. కొట్టు అద్దె థాంక్స్‌తో కట్టలేరు. మనం చెకింగ్ చార్జి ఎగ్గొట్టామనుకుంటాం, అది విడిభాగం ధరలో దూరి ఎక్కువై తిరిగొస్తుంది. ఆస్ట్రియాలో అంచనాకు బోనసు ఇచ్చినవాళ్లకు అర్థమైన లెక్క ఇదే.

కాబట్టి యూరప్ నుంచి తెచ్చుకోవాల్సినవి చవకైనవే. "అన్నా, చెకింగ్ డబ్బులు వేరుగా ఇస్తా, ఏం మార్చకపోయినా ఇస్తా. విప్పేటప్పుడు ఇక్కడే కూర్చుంటా" అని ముందే మాట్లాడుకోవడం ఒకటి. మొదట్లో కాస్త ఎగాదిగా చూస్తారు, కస్టమరు కౌంటరు లోపలికొస్తే నచ్చని కొట్లూ ఉంటాయి. అలాంటిచోట మూత తీశాక ఫోన్లో ఫొటో పంపమని అడగొచ్చు. రెండోది చీటీ. ఏ శబ్దం, ఎప్పుడు, విప్పితే ఏం కనపడింది, ఏం చేశారు, పాత భాగం తిరిగిచ్చారా అని నాలుగు ముక్కలు బిల్లు వెనక రాయించుకున్నా చాలు. రెండేళ్ల తర్వాత అదే మిషను మళ్లీ మోత పెడితే, వేరే ఊళ్లో వేరే మెకానిక్ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు.

మూడోది కొనేటప్పటి సంగతి. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే పదికి ఎన్ని మార్కులో వేసి చూపించాలి. రిపేరు పత్రాలు దొరుకుతాయా, విప్పడం సులువా, విడిభాగాలు ఎన్నేళ్లు ఇస్తారు, వస్తువు ధరతో పోలిస్తే భాగం ధరెంత అన్న లెక్కలతో ఆ మార్కులు వేస్తారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ఇలాంటి మార్కుల పద్ధతి మీద 2025లో ఒక కమిటీ నివేదిక కూడా అందింది, అయితే అది మొదట ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ మాత్రమే. ల్యాప్‌టాప్ వంతు వచ్చేదాకా మన దగ్గర అమ్మే చాలా మోడళ్ల ఫ్రెంచి మార్కులు ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. లెనోవో, డెల్, హెచ్‌పీ తమ సర్వీసు మాన్యువళ్లను బొమ్మలతో సహా ఉచితంగానే పెడుతున్నాయి. పిల్లాడి ఇంజనీరింగ్ కోసం సెకండ్ హ్యాండ్ మిషను కొనబోతుంటే ఆ మాన్యువల్‌లో ఫ్యాను తీసే పేజీ ఒక్కటి తెరిచి చూడండి. అడుగు మూత తీయగానే ఫ్యాను చేతికొచ్చే మోడళ్లున్నాయి, కీబోర్డూ బోర్డూ మొత్తం బయటికి తీస్తే గానీ అందనివీ ఉన్నాయి. ధర ఒకటే అయితే మొదటి రకం తీసుకోండి.