ఆల్బమ్‌కెక్కని డప్పు

1963లో అమెరికా విదేశాంగ శాఖ పంపగా, జాజ్ సంగీత నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ తన వాద్యబృందంతో పశ్చిమాసియా, దక్షిణాసియా దేశాలు తిరిగాడు. ఢిల్లీ, బొంబాయి, మద్రాసులతో పాటు హైదరాబాద్ కూడా ఆ దారిలో ఉంది. ఆ యాత్ర నుంచి పుట్టిన 'ఫార్ ఈస్ట్ సూట్' ఆల్బమ్‌ను 1966 డిసెంబరులో న్యూయార్క్‌లో రికార్డు చేశాడు. అప్పటికి ఆయన వయసు 67. ఈ ఆల్బమ్ గురించి కులం పేజీలో ఎందుకని అడిగేవారికి ఈ వ్యాసమే నా జవాబు.

యాత్ర మొదలైన నెలలోనే, సెప్టెంబరు 15న, బర్మింగ్‌హామ్‌లో శ్వేతజాతి దురహంకారులు నల్లజాతీయుల చర్చిలో బాంబు పేల్చి నలుగురు బాలికలను పొట్టనబెట్టుకున్నారు. ఇంటిలో హక్కులివ్వని జాతి సంగీతాన్ని ఆ ప్రభుత్వం బయట తన ప్రజాస్వామ్యానికి సాక్ష్యంగా చూపుకుంది. ఊరేగింపుకు ముందుండాలి, పంక్తిలో మాత్రం కూర్చోరాదు: ఈ నీతి మనకు చిరపరిచితమే. 1965లో ఎలింగ్టన్‌ను ప్రత్యేకంగా గౌరవించాలని న్యాయనిర్ణేతలు సిఫార్సు చేస్తే పులిట్జర్ బోర్డు తోసిపుచ్చింది. ముగ్గురిలో ఇద్దరు నిర్ణేతలు రాజీనామా చేశారు. ఆ గౌరవం 1999లో, ఆయన పోయిన పాతికేళ్లకు దక్కింది.

ఆల్బమ్‌లో 'బ్లూబర్డ్ ఆఫ్ ఢిల్లీ' అనే రచన ఉంది. అందులో జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ మైనా పిట్టలా పలుకుతుంది. ఆ వాద్యాన్నే మా నర్సీపట్నం పెళ్లి ఊరేగింపుల్లో వింటూ ఉంటాను. న్యూ ఆర్లీన్స్‌కైనా, మన వీధులకైనా ఇత్తడి వాద్యాలూ క్లారినెట్టూ చేరిన దారుల్లో సైనిక బ్యాండ్లదే పెద్ద పాత్ర. అక్కడ ఆ వాద్యాల నుంచి జాజ్ ఎదిగింది. ఇక్కడ బ్యాండు మేళం గంటల లెక్కన కుదుర్చుకునే కూలిపనిగా మిగిలింది. ప్రతిభలో తేడా ఉందని నేననుకోను. ఎలింగ్టన్ ఫలానా మనిషి ఊపిరిని, ఫలానా మనిషి స్వరాన్ని మనసులో ఉంచుకుని రాసేవాడు. 'ఇస్ఫహాన్' జానీ హాడ్జెస్‌ది, 'ఆగ్రా' హ్యారీ కార్నీది. వాయించినవాడికి పేరుంది, ఆ పేరు రికార్డుకెక్కింది. మన దగ్గర దళితుడు వాయిస్తే కులవృత్తి, నాయీబ్రాహ్మణుడు సన్నాయి ఊదితే ఆచారం. కులం నైపుణ్యాన్ని వాడుకుంటుంది, మనిషి పేరును చెరిపేస్తుంది.

పేరు విషయంలో ఎలింగ్టన్ బృందమూ మచ్చలేనిది కాదు. 'ఇస్ఫహాన్' ప్రధానంగా బిల్లీ స్ట్రేహార్న్ రచన, అదీ యాత్రకు ముందే రాసినది. స్ట్రేహార్న్ 1967 మేలో కన్నుమూశాడు. ఆయన వాటా ఎంతో తేల్చడానికి పరిశోధకులు దశాబ్దాలు శ్రమించాల్సి వచ్చింది.

ఇక ఆల్బమ్‌లో ఢిల్లీ ఉంది, ఆగ్రా ఉంది, హైదరాబాద్ మాత్రం లేదు. మాదిగవాడ డప్పు సంగతి సరేసరి. మొదటి రచనకు 'టూరిస్ట్ పాయింట్ ఆఫ్ వ్యూ' అని పేరు పెట్టిన ఎలింగ్టన్‌ను నేను తప్పుపట్టను. అతిథిగా వచ్చినవాడు, చూసింది అతిథి చూపేనని పేరులోనే చెప్పుకున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవారికి ఆ సాకు చెల్లదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై ఏళ్లు నిండిన డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. దాన్ని తక్కువ చేయను, ఎన్నో ఇళ్లలో పొయ్యి దానితోనే వెలుగుతోంది. అయితే పింఛను ముసలితనాన్ని గుర్తిస్తుంది, విద్యను గుర్తించదు. విశ్వవిద్యాలయ సంగీత శాఖలో అధ్యాపకుడంటే ఇప్పటికీ కర్ణాటక గాత్రం, వీణ, వయొలిన్. డప్పు ప్రధానంగా జానపద విభాగంలో పరిశోధనాంశం. దాని మీద మావాళ్లు పిహెచ్‌డీలు చేస్తారు, పదోన్నతులు పొందుతారు. వాయించినవాడు ఆ గ్రంథంలో 'సమాచారదాత'. డిగ్రీ లేదన్న కారణంతో అతణ్ణి గురువుగా నియమించలేమని చెప్పే నిబంధనలను రాసుకున్నది మనమే. కనీస అర్హతల నిబంధనలను మార్చే అధికారం యూజీసీకి ఉంది. వచ్చే నియామక ప్రకటనలో డప్పుకూ సన్నాయికీ బ్యాండు క్లారినెట్‌కూ అధ్యాపక పోస్టులుండాలని విద్యార్థి సంఘాలు ఇప్పుడే అడగాలి.