పాటలపెట్టె



మన యిండ్లలో పలువురికి అటకమీద నొక రేకుపెట్టె యుండును. అందు పాత క్యాసెట్టులు కొన్ని, తాతలనాటి గ్రామఫోను ప్లేట్లు కొన్ని. వానిని పాడించు యంత్రము చెడిపోయి చాల యేండ్లయినది. పారవేయుటకు మనసొప్పదు, వినుటకు వీలుండదు. అట్టి పెట్టెలోని ధ్వనులను కంప్యూటరున కెక్కించుకొని మరల వినుటను గూర్చి యీ మాసము వ్రాయుచున్నాను. ఎట్లు చేయవలెనో తరువాత చెప్పెదను. ఏల చేయవలెనో ముందు వినుడు.

కడపసీమలోని తాళ్ళపాకలో జన్మించిన అన్నమాచార్యులవారు 1503లో పరమపదించిరి. ఆ మహనీయుని కీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల దేవాలయములో నొక రాతియరయందు దాచిరి. 1922 ప్రాంతమున ఆ రేకులు వెలుగు చూచినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగు పండితులు శ్రమించి వానిని పరిష్కరించిరి. పండ్రెండువేలకు పైగా కీర్తనలు దొరకినవి. ప్రతి కీర్తనకును రాగము పేరున్నది గాని స్వరము లేదు. అనంతపురము జిల్లావారగు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, వారి వెనుక మరికొందరు, క్రొత్తగా స్వరములు కూర్చినందున మనము నేడు వానిని పాడుకొనుచున్నాము. అవి మధురములే. అయినను నాలుగువందల యేండ్లు రాగిరేకు కాపాడినది మాటను మాత్రమే.

ఇక స్త్రీలపాటల మాటయేమి? నలుగుపాటలకు, అప్పగింతలపాటలకు, విసురురాతిపాటలకు రాగము పేరైనను వ్రాసినవారు లేరు. పాత పాటలపుస్తకము తెరచి చూడుడు: “ఫలాని పాట వరుస” అని పైన నొక ముక్క యుండును. ఆ ఫలాని పాట యెరిగిన ముసలమ్మ పోయినచో ఆ ముక్క వలన ప్రయోజనమేమి?

ధ్వనిని పట్టు విద్య మన దేశమునకు వచ్చి నూట యిరువది యేండ్లు దాటినది. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గ్రామఫోనుకు పాడి, పాట చివర తన పేరును ఇంగ్లీషున చెప్పెడిది. ప్లేట్లు జర్మనీలో అచ్చగును గనుక, పాడినదెవరో అచ్చటివారు గుర్తించుట కా యేర్పాటు. ప్లేటు ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషములే పట్టును. ఎంత విస్తారముగా పాడువారైనను అంతలో ముగింపవలసినదే. త్యాగరాజస్వామి సమాధిని ఉద్ధరించిన బెంగుళూరు నాగరత్నమ్మగారి కంఠమును ప్లేట్లపై మిగిలియున్నది. కాని వంటయింట పాడు గృహిణుల పాటకై ఏ కంపెనీవారు తమ యంత్రము మోసికొని వత్తురు? ఆ పని చేసినది క్యాసెట్టు. ఫిలిప్సు కంపెనీవారు దానిని 1963లో వెలువరించిరి. తరువాత టేప్‌రికార్డరులు మన యూళ్ళకును వచ్చినవి. ఎవరింటి పెండ్లిలో వారే తమ అవ్వచేత పాడించి పట్టుకొనిరి. అందుచేత నా సలహా యేమనగా, ముందు క్యాసెట్టులను ఎక్కింపుడు, ప్లేట్లను తరువాత చూచుకొనవచ్చును. పేరుపొందినవారి ప్లేట్లు మరియొకచోటనైన దొరకును. బెంగుళూరిలో విక్రమ్ సంపత్‌గారు స్థాపించిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ అట్టివానిని వేలకొలది ఎక్కించి ఉచితముగా వినిపించినది. మీ అవ్వ పాడిన టేపు మీ యింట తప్ప ఎచ్చటను లేదు.

పని కష్టమైనది కాదు. పనిచేయు టేప్‌రికార్డరు నొకదానిని ఎరవైనను తెచ్చుకొనుడు. ఏండ్ల తరబడి కదలని టేపు అంటుకొనియుండును గనుక ముందుగా ఈ కొసనుండి ఆ కొసవరకు ఒకమారు చుట్టి, మరల వెనుకకు చుట్టవలెను. క్యాసెట్టు పైయంచున నున్న రెండు చిన్న రెక్కలను విరిచివేసినచో, పొరపాటున ఎవరు మీట నొక్కినను పాతపాట చెరిగిపోదు. టేపు తగులు ఇనుపమొగమును స్పిరిటులో తడిపిన దూదితో తుడువుడు. మా బేతంచెర్లలో బండల పాలిషు దుమ్ము తలుపులు మూసినను ఇంటిలోనికి వచ్చును గనుక, నేను క్యాసెట్టు క్యాసెట్టుకును తుడిచితిని. పాత ప్లేట్లకు మాత్రము స్పిరిటు తగులనీయకుడు. అవి లక్కతో చేసినవి, స్పిరిటుకు కరగును.

పిదప యంత్రమునుండి కంప్యూటరునకు తీగ కలిపి, ఆడాసిటి యను ఉచితమైన సాధనముతో పట్టవలెను. గంటపాట వేవ్ రూపమున ఆరువందల ఎం.బి. స్థలము నాక్రమించును. అసలుప్రతిని ఆ రూపముననే యుంచి, ఫోనులో వినుటకు ఎంపీత్రీ చేసికొనుడు. ప్రతులు రెండు, రెండు ఇండ్లలో నుండవలెను. ఈ పనిని అంగడివారికి అప్పగింపవచ్చును గాని, మాకు తెలిసిన యొకయింటివారికి ఒక వైపు మాత్రమే ఎక్కించి యిచ్చి పూర్తి సొమ్ము పుచ్చుకొనిరి.

అరువది నిమిషముల క్యాసెట్టు ఎక్కుటకు అరువది నిమిషములే పట్టును, తొందరపెట్టుటకు వీలులేదు. మా యింటివారికిది విసుగు పుట్టించినది. నాకు మాత్రము, పగటిపూట గంటసేపు కూర్చుండి పాట వినుటకు ఇంతకంటె మంచి నెపము దొరకదనిపించినది. బియ్యమేరుచు వింటిని. అత్తగారు మొదట “ఆ పాతవెందుకమ్మా” అని లోపలికి పోయిరి. ఒక పెండ్లిలో పట్టిన నలుగుపాట వచ్చుచుండగా, బిందెల చప్పుడు నడుమ ఎవరో నవ్విరి. “అది మా చిన్నమ్మ నవ్వు” అనుచు వచ్చి నాప్రక్కన కూర్చుండిరి. ఆ పాట మాటలు మా యింటి నోటుపుస్తకములో ఎన్నడో వ్రాసియున్నవి. నేను చదివి, ఏమియు తోచక విడిచినవే. ఆ దినము వరుసతో వినగా ఆ మాటలలోని వేళాకోళమంతయు తెలిసినది. సాయంకాలమునకు మా యమ్మాయి వంటయింట దానిని కూనిరాగము తీయుచుండెను.

మరియొక క్యాసెట్టులో మా యింటివారి అవ్వగారు ఊర్మిళాదేవి నిద్ర పాడిరి. లక్ష్మణస్వామి అడవినుండి వచ్చి, పదునాలుగేండ్లు నిద్రించుచున్న యామెను లేపబోవునంతలో ముప్పది నిమిషములు నిండి టేపు ఆగిపోయినది. రెండవవైపున అన్నియు సినిమాపాటలే. అయినను చింత లేదు. ఆ పాట అచ్చుపుస్తకములలో దొరకును గనుక తెప్పించితిమి. వరుస చేత చిక్కినది గదా, మిగిలిన చరణములను అత్తగారు రాత్రిపూట కొన్ని కొన్నిగా ఆ వరుసమీదనే పాడుచున్నారు, నేను ఫోనులో పట్టుచున్నాను. నిన్నటికి ఊర్మిళ మేలుకొని, వచ్చినవాడు భర్తయని యెరుగక పరపురుషుడనుకొని గద్దించుచున్నది.